మూడు గదుల చిరునామా

అక్-బులుత్, బిష్కెక్ శివారు
ఏప్రిల్ 9

ప్రియమైన అక్కకి,

ఈ ఉత్తరం గురువారం వ్యాను నడిపే అతని చేతికిస్తున్నాను. పోస్టాఫీసు ఫోనులో మాట్లాడితే వెనక వరసలో నిలబడ్డ ఊరంతా వింటుంది, నువ్వు "ఊఁ, ఊఁ" తప్ప ఏమీ అనవు. రాస్తేనే నయం.

మా ఇంటి గోడలు లేచాయి. రెండు గదులు. ప్రతి ఇటుకా నేనూ నీ మరదలు నుర్జాదా మట్టి తొక్కి, అచ్చు పోసి, ఎండబెట్టిందే. రేకులు వేశాం. కరెంటు రాలేదు. నీళ్లకి కాలువ అవతల పంపు దాకా పోవాలి. వీధికి పేరు పెడదామని మొన్న అందరం కూర్చున్నాం. ఒక్కొక్కళ్లూ తమ లోయ పేరే పెట్టాలన్నారు. రెండు గంటలు అరుచుకుని చివరికి "రెండో వీధి" అని పెట్టాం. ఊరి బడిలో భూగోళం చెప్పినవాణ్ణనీ, చేతిరాత బాగుంటుందనీ నన్ను ఆ వీధికి పెద్దని చేశారు. పగలు నగరం నడుమ వేరేవాళ్ల మేడలకి గోడలు కడుతున్నాను, సాయంత్రం మా వీధి అర్జీలు రాస్తున్నాను.

పోయిన వారం బెగిమాయ్‌ని బడికి తీసుకెళ్లాను. సెప్టెంబరుకి దానికి ఏడేళ్లు నిండుతాయి కదా. గుమాస్తామ్మ తలెత్తకుండానే అడిగింది.

"నివాస నమోదు ఎక్కడ?"

"సారీ-బెల్‌లో."

"అయితే అక్కడే చదివించండి."

"ఇక్కడుంటున్నామమ్మా."

"మీరు ఎక్కడుంటున్నారన్నది నేనడగలేదు. ఎక్కడ నమోదైందని అడిగాను. కొండ మీంచి దిగిన ప్రతి మిర్క్‌కీ సీటివ్వాలంటే మా పిల్లలు వరండాలో కూర్చోవాలి."

మిర్క్ అంటే తెలుసుగా. మొరటోళ్లు, పేడ వాసన వచ్చేవాళ్లు. బజారులో అంటే నేను పట్టించుకోను. బడిలో అన్నారు, పిల్ల ముందు. అది అప్పుడు కోట్లు తగిలించే కొక్కేలు లెక్కపెట్టుకుంటోంది. బయటికొచ్చాక, "నాన్నా, ఒక కొక్కెం ఖాళీగానే ఉంది" అంది.

ఇప్పుడు అసలు సంగతి. తొలొగొన్ అన్న వచ్చాడు. మన జిల్లావాడే, ఇరవై ఏళ్ల కిందట వచ్చి కలప అడితి పెట్టి పెద్దవాడయ్యాడు. అక్టోబరులో నగర సభకి నిలబడుతున్నాడు. మట్టి గుట్ట మీద నిలబడి చెప్పాడు: "మీరు ఈ నగరానికి గోడలు కడుతున్నారు, రొట్టెలు కాలుస్తున్నారు, వీధులు ఊడుస్తున్నారు. కానీ నగరం లెక్కలో మీరు లేరు. ముందు లెక్కలోకి రండి. తరవాత మీ ఇళ్లకి ఎవడు అడ్డమొస్తాడో నేను చూస్తా." మా ఇళ్లకి చిరునామాలే లేవు కదా, ఏ చిరునామా మీద రాయించుకోవాలని ఎవరో అడిగారు. "నా ఇంటి మీద రాయించుకోండి. నా ఇల్లు మీ ఇల్లు కాదా?" అన్నాడు. మగాళ్లు కూడా కళ్లు తుడుచుకున్నారు.

ఇక్కడ నమోదు కావాలంటే ముందు ఊళ్లో పేరు కొట్టేయించుకుని, ఊరు విడిచినట్టు చీటీ తేవాలి. మన గ్రామ కార్యాలయం కింద నుంచి వచ్చినవాళ్లం యాభై ఎనిమిది కుటుంబాలు, రెండు వందల పదిహేడు మంది. జాబితా దీనితో పంపుతున్నాను. కార్యాలయంలో ఇంటింటి పేర్లూ రాసే పుస్తకం నీ చేతిలోనే కదా. పని చేసిపెట్టు.

నుర్జాదా నీకు సలాం చెప్పమంది.

నీ మెదెర్‌బెక్

సారీ-బెల్
మే 3

తమ్ముడు మెదెర్‌కి దీవెనలు,

జాబితా అందింది. చేతిరాత బాగానే ఉంది గానీ మూడు చోట్ల ఇంటిపేర్లు తప్పు రాశావు, దిద్దాను. వీధి పెద్దవయ్యావని తెలిసి నవ్వుకున్నాను. అమ్మ పోయినప్పుడు నీకు ఆరేళ్లు. అన్నం కూడా ఎవరైనా పెడితేనే తినేవాడివి.

ఇక్కడ ఇంకా మంచు పూర్తిగా కరగలేదు. బూడిదరంగు ఆడగుర్రం ఈనింది, పిల్ల బాగుంది.

ఒక మాట. నగరం ముద్ర ముందు వేయించుకుని తరవాత ఇక్కడ పేరు కొట్టేయడానికి వీల్లేదా? వీల్లేదని నాకూ తెలుసు, పద్నాలుగేళ్ల నుంచి ఈ పుస్తకమే రాస్తున్నాను. అయినా అడుగుతున్నాను. గీత గీయడానికి అర నిమిషం పడుతుంది. ఆ గీత చెరపడానికి మాత్రం నా దగ్గర ఏ రబ్బరూ లేదు.

జాబితా మన గ్రామ పెద్ద కాలిబెక్ దగ్గరికి తీసుకెళ్లాను. కసురుకుంటాడనుకున్నాను. ఒక్క సంతకానికి మూడు రోజులు తిప్పే మనిషి కదా. జాబితా రెండుసార్లు చదివాడు, ఇంకు ముద్ర తనే వెతుక్కున్నాడు, మధ్యాహ్నానికల్లా చీటీలన్నీ అయిపోయాయి.

తొక్తొబూబూ అవ్వ కాగితం మీద మాత్రం ఆమె సంతకం లేదు. కొడుకు పెట్టిన సంతకం చెల్లదు. అవ్వ నీ పక్కింట్లోనే ఉంటోందని జాబితాలో రాశావు కదా, అడిగి పంపు. అంతవరకు ఆమె పేరు ఉంచాను.

ఇంకో మాట రాద్దామనుకున్నాను. ఏమంత ముఖ్యం కాదులే.

బెగిమాయ్‌కి ఉన్ని మేజోళ్లు అల్లాను. పాదం కొలత తెలియక కొంచెం పెద్దవి అల్లాను.

అక్క కనిషాయ్

అక్-బులుత్
సెప్టెంబరు 4

నా మంచి అక్కకి,

బెగిమాయ్ బడికి వెళ్లింది. జడలకి తెల్ల రిబ్బన్లు, ఒక్కో రిబ్బను దాని తలకాయంత ఉంది. అదే గుమాస్తామ్మ. నమోదు ముద్ర చూసింది, చిరునామా చదివింది, పైకీ కిందికీ ఒకసారి చూసి పేరు రాసుకుంది. ఆ రోజు నేను పనికి పోలేదు. బడి గేటు బయట సగం పూట ఊరికే నిలబడ్డాను.

మా అందరికీ ముద్రలు పడ్డాయక్కా. తొలొగొన్ అన్న ఇంట్లో మూడు గదులు. కాగితం మీద ఇప్పుడు మేం రెండు వందల పదహారు మందిమి ఆ ఇంట్లో కాపురం ఉన్నాం. గదికి డెబ్బై రెండు మంది. మా వీధిలో ఇదే పెద్ద నవ్వులాట. "ఏమయ్యా, రాత్రి నీ కాలు నా మొహాన తగిలింది" అని ఒకడంటే, "నువ్వు వంటగదిలో పడుకోవాలిగా, ఈ గదిలోకి ఎవరు రానిచ్చారు" అని ఇంకొకడు.

రెండు వందల పదిహేడో మనిషి తొక్తొబూబూ అవ్వ. ఆమె దగ్గరికి నాలుగుసార్లు వెళ్లాను.

"ఎవరింట్లో ఉన్నానని రాస్తార్రా?"

"తొలొగొన్ అన్న ఇంట్లో అవ్వా."

"ఆయనింట్లో నేను టీ అయినా తాగలేదే."

"తాగక్కర్లేదు. ఉట్టి కాగితమే."

"నేను ఉట్టి మనిషిని కాదు కదా. నా పేరు ఎక్కడుందో అక్కడే ఉండనీ. నేను ఓటేసినా వేయకపోయినా ఆయన గెలుస్తాడులే."

అంది, ఎండబెట్టిన పెరుగు కురుత్ ఉండ ఒకటి నా జేబులో పెట్టి పంపించేసింది. ముసలివాళ్లతో ఏం వాదిస్తాం.

ఇంట్లో చిన్న గొడవైంది. ఇంటి యజమాని ఒప్పుకున్నట్టు ఒక్కో మనిషికీ ఒక పత్రం రాయాలి. తొలొగొన్ అన్నకి ఊళ్లు తిరిగే పని, తీరిక లేదు. "నా తరఫున సంతకం నువ్వే పెట్టెయ్ తమ్ముడూ, నీకంటే నమ్మకస్తుడు నాకెవడున్నాడు" అన్నాడు. పెట్టాను. నుర్జాదా ఆ కట్టలు చూసి, "ఇన్నిటి మీదా నీ సంతకమే ఉందేం? ఆయనది ఒక్కటీ లేదేం?" అంది. నీకు మనుషుల్ని నమ్మడం చేతకాదన్నాను. రెండు రోజులు మాట్లాడలేదు. పిల్ల రిబ్బన్లు కట్టడానికి మళ్లీ కలిశాం.

ఎన్నికలయ్యాక మా ఇళ్లకి నంబర్లు వస్తాయట. అప్పుడు నీకు సరైన చిరునామా రాసి పంపుతాను. నువ్వు రావాలి.

మెదెర్

సారీ-బెల్
అక్టోబరు 11

మెదెర్,

బెగిమాయ్ బడి సంగతి రెండుసార్లు చదువుకున్నాను. బాగా చదవమను.

తూర్పు చరియ మీద మన గడ్డి ఈసారి కాలిబెక్ మేనల్లుడు కోసుకుపోయాడు. కోసేటప్పుడు నేను పైకి వెళ్లి అడిగాను. "ఊళ్లో లేనివాళ్ల గడ్డి ఎవరు కోస్తే ఏంటక్కా" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. మేకులు పాతి, తాడు పట్టుకుని కొలతలు కూడా వేస్తున్నారు.

నువ్వు సంతకాలు పెట్టిన కాగితాలకి నకళ్లు తెచ్చుకో. ఇవ్వనంటే వెళ్లి కూర్చో. అందరి పాస్‌పోర్టులూ ఎవరివి వాళ్ల దగ్గరే ఉండాలి. నుర్జాదా అడిగిన మాట మళ్లీ అడగనివ్వు, కోప్పడకు.

వ్యాను కదులుతోంది. ఇంక రాయలేను.

అక్క

అక్-బులుత్
డిసెంబరు 2

అక్కా,

ఈ ఉత్తరం తెచ్చే వ్యానులోనే తొక్తొబూబూ అవ్వ వస్తోంది. కొడుకు పక్కన కూర్చుని తీసుకొస్తున్నాడు. నువ్వు ముందుండి చూసుకో.

మొదటి నుంచీ చెబుతాను. తొలొగొన్ గెలిచాడు. గుర్రాన్ని కోయించి మా వీధి చివర పెద్ద బాండీల్లో వండించి, మాతో పాటు నేల మీద కూర్చుని తిన్నాడు. పన్నెండు రోజుల తరవాత కాగితం వచ్చింది. ఒకే ఇంట్లో ఇంతమందిని రాయడం దొంగ నమోదు కాబట్టి అన్నీ రద్దు. ఫిర్యాదు ఎవరిచ్చారో తెలుసా? ఇంటి యజమాని.

పరుగెత్తుకెళ్లాను. కొత్త గది, కొత్త బల్ల. నన్ను కూర్చోమన్నాడు, టీ పోయించాడు.

"అన్నా, నీ ఇంటి మీద రాయించుకోమన్నది నువ్వే కదా."

"నేనెప్పుడన్నానురా? మూడు గదుల్లో అంతమంది ఎలా పడతారు? తెలిసుంటే ఒప్పుకుంటానా?"

"మట్టి గుట్ట మీద నిలబడి అన్నావు. యాభై ఎనిమిది గడపలు విన్నాయి."

"గుట్ట మీద వంద అంటాం. కాగితం మీద ఏముందో చూడు. ఒక్కదాని మీదైనా నా సంతకం ఉందేమో చూపించు."

టీ చల్లారిపోయింది. "కేసు పెద్దది కాకుండా చూస్తాలే, నువ్వు మా జిల్లావాడివి" అని భుజం తట్టాడు.

నవంబరు ఇరవై ఆరున ట్రాక్టర్లు వచ్చాయి. మా కింద ఉన్న నేలలో టోకు సరుకుల గోదాములు కడతారట. నగర సభలో చేతులెత్తినవాళ్లలో అతనూ ఉన్నాడు. పొద్దున పది గంటలకి మొదలుపెట్టి మధ్యాహ్నం భోజనానికి ఆపారు, తరవాత మళ్లీ మొదలుపెట్టారు. ఆ గంటలో మేం పొయ్యిలు, కిటికీ చట్రాలు పీక్కున్నాం. మట్టి ఇటుక గోడ అక్కా, ట్రాక్టరు తోస్తే చప్పుడు కూడా పెద్దగా రాదు. నుర్జాదా పడుతున్న గోడని చూడలేదు, నన్నే చూస్తూ నిలబడింది. ఆడవాళ్లు నా కాలరు పట్టుకున్నారు. "నీ మొహం చూసి సంతకం పెట్టాం" అన్నారు. నిజమే కదా.

అవ్వకి రెండు రోజులు చలి జ్వరం. అంబులెన్సుకి ఫోను చేస్తే వీధి పేరు అడిగారు, రెండో వీధి అన్నాం, అలాంటి వీధి పటంలో లేదన్నారు. పోయింది. శ్మశానంవాళ్లు నమోదు చీటీ అడిగారు. అందుకే మన ఊరికి పంపుతున్నాం.

బెగిమాయ్‌ని బడిలోంచి తీసేశారు.

అక్కా, మేం వచ్చేస్తాం. ఇంక ఇక్కడ వద్దు. మా పేర్లు పుస్తకంలో మళ్లీ ఎక్కించు. తూర్పు చరియ మన వంతు ఉంది కదా, రెండు ఆవులు చాలు, బతుకుతాం. మిగతావాళ్లు కూడా సగం మంది వస్తామంటున్నారు. ఈ వ్యానులోనే జవాబు పంపు.

మెదెర్‌బెక్

సారీ-బెల్
డిసెంబరు 6

నా తమ్ముడికి,

అవ్వని నిన్న మట్టిలో పెట్టాం. నేల గడ్డకట్టి ఉంటే రాత్రి నుంచి పేడపిడకలు కాల్చి మెత్తబరిచి తవ్వారు. ఆడవాళ్లు గుడారంలో కూర్చుని ఆమె మీద పాట కట్టి ఏడ్చారు. ఆమె పేరు పుస్తకంలో ఉంది కాబట్టి ఎవరూ ఏమీ అడగలేదు.

నీకు మే నెలలో రాద్దామని మానేసిన మాట ఇప్పుడు రాస్తున్నాను.

ఆ రోజు కాలిబెక్ జాబితా రెండోసారి చదివి లేచి తలుపు వేశాడు. "ఊరు వదిలినవాళ్ల వంతు చరియ మళ్లీ ఊరి చేతికి వస్తుంది. ఈ సంగతి వాళ్లకి తెలుసా?" అన్నాడు. తెలియదన్నాను. "వాళ్లు అడగలేదుగా. మనమెందుకు చెప్పడం" అన్నాడు. నా తమ్ముడున్నాడండీ అందులో అన్నాను. "తెలుసు. జనవరిలో నీ ఉద్యోగం కాగితం మీద మళ్లీ నేనే సంతకం పెట్టాలి, అదీ నీకు తెలుసు" అన్నాడు.

నేను మాట్లాడలేదు మెదెర్. యాభై ఎనిమిది ఇళ్ల మీద నా చేత్తోనే గీతలు గీశాను. వంకర పోకుండా స్కేలు పెట్టి గీశాను.

ఇంకా ఉంది. ఆ నేల ఏడుగురికి పంచాడు. ఆరుగురు అతని వాళ్లు. ఏడో వంతు నా పేరున రాశాడు. అది నీ చరియే. కోసుకుపోయిన గడ్డి మేనల్లుడి చేతే నా దొడ్లోకి తిరిగి తోలించి, గట్టు కూడా వేయించి ఇచ్చాడు. నా నోరు మూయించడానికే ఇచ్చాడని తెలుసు. నేను వద్దనలేదు. నీ కోసం ఉంచుతున్నానని మొదట్లో నాకు నేను చెప్పుకున్నాను. ఈ శీతాకాలం నా ఆవు ఆ గడ్డే తింటోంది.

నీ ఉత్తరం చదివిన పొద్దునే అతని దగ్గరికెళ్లాను. ఆ వంతు తీసుకుని పేర్లు ఎక్కించమన్నాను. "నగరంవాళ్లు నగరంలోనే ఉండనీ" అన్నాడు. నిబంధన కూడా చూపించాడు. మళ్లీ చేర్చుకోవాలంటే నగరం నుంచి విడిచినట్టు చీటీ తేవాలి. నగరమేమో మీరు అక్కడ ఎప్పుడూ లేరంటోంది. ఆ చీటీ ఇచ్చేవాడు ఈ లోకంలో లేడు.

మీరు రండి. నా ఇంట్లో ఉండండి. పొయ్యి పక్క గది ఖాళీ చేశాను. చుట్టాలుగా ఉండొచ్చు, ఎన్నాళ్లున్నా ఎవరూ వెళ్లమనరు. పుస్తకంలో మాత్రం రాయలేను.

నన్ను తిట్టి అయినా ఒక ముక్క రాయి.

కనిషాయ్

బిష్కెక్
ఫిబ్రవరి 20

అక్కకి,

రెండున్నర నెలలు నీకు రాయలేదు. తిట్టడానికి చాలాసార్లు కాగితం తీశాను. నాలుగు వాక్యాలు రాయగానే అవి ఎవరి గురించో తెలియకుండా పోయేవి.

మేం రాలేదని తెలుసుకదా. బజారు వెనక ఇనప డబ్బాలో ఉన్నాం, సరుకులు దాచేది. జనవరిలో పోలీసులు నన్ను మూడుసార్లు పిలిచారు. ఆ పత్రాలన్నీ బల్ల మీద పరిచి, నా చేతిరాత నాకే చూపించేవాళ్లు. మూడోసారి బయటికి వస్తుంటే తొలొగొన్ కారు ఆగి ఉంది.

"ఎక్కు. చలిగా ఉంది."

ఎక్కాను. ఎందుకెక్కానని నుర్జాదా తరవాత అడిగింది. చలిగా ఉందని చెప్పాను.

నగరానికి ఉత్తరాన, రైలు పట్టాల అవతల ఇంకో గుంపు దిగింది. వేరే జిల్లావాళ్లు, మూడు వందల ఇళ్లు. మళ్లీ ఎన్నికలున్నాయి, ఈసారి పెద్దవి. అతనికి అక్కడ ఒక మనిషి కావాలి.

"నన్నెందుకు అడుగుతున్నావన్నా? నా మొహం మీద ఉమ్మేసిన వీధి నుంచి వచ్చాను."

"వాళ్లకి ఆ వీధి తెలియదు కదా. చూడు, నన్ను చూస్తే జనం నవ్వుతూ చప్పట్లు కొడతారు, అంతే. నిన్ను చూస్తే కాగితాలు తెచ్చి ఇస్తారు. అది అందరికీ ఉండే గుణం కాదు."

కేసు మూసేస్తానన్నాడు. నేను ఒకటి అడిగాను. బెగిమాయ్‌కీ నుర్జాదాకీ నాకూ నిజమైన నమోదు కావాలి, నిజమైన ఇంట్లో, యజమాని తన చేత్తో సంతకం పెట్టి. తన చెల్లెలి ఇంటి మీద రాయించాడు. ఆమె నా ఎదురుగానే సంతకం పెట్టింది. పిల్ల పదిహేను రోజులుగా బడికి పోతోంది. చదవడంలో అందరికంటే ముందుందని టీచరు చెప్పింది.

పోయిన ఆదివారం మొదటిసారి అక్కడికి వెళ్లాను. మంచులో నిలబడి మాట్లాడాను, అరగంట. ఏం చెప్పానో నీకు రాయక్కర్లేదు. అంతా అయ్యాక తలాస్ లోయ వైపు నుంచి వచ్చిన ఒకామె దగ్గరికొచ్చింది. చేతికి సుద్ద అంటుకుని ఉంది, ఇంట్లో గోడ పూస్తూ మధ్యలో వచ్చినట్టుంది.

"అన్నా, ముందు ఊళ్లో పేరు కొట్టేయించుకోవాలటగా. మా నేల ఏమీ కాదు కదా?"

ఆమె అడిగింది అక్కా. మేం నిన్ను అడగలేదు. ఆమె అడిగింది.

"ఏమీ కాదమ్మా" అన్నాను.

నువ్వు మే నెలలో నాకెందుకు రాయలేదో అప్పుడు తెలిసింది. ఇంక నీ మీద కోపం లేదు. ఉంటే బాగుండేది.

ఇంటికొచ్చి నుర్జాదాకి నీ డిసెంబరు ఉత్తరం ఇచ్చాను, అప్పటిదాకా దాచాను. దీపం దగ్గర నిలబడి మొత్తం చదివింది. ఆదివారం ఎక్కడికెళ్లావని అడిగింది, చెప్పాను. మడిచి నా చేతిలో పెట్టి, "మీ అక్క నయం. చివరికైనా చెప్పింది" అంది.

బుధవారం పొద్దున పక్క డబ్బాల్లోని ఆడవాళ్లతో కలిసి మాస్కో రైలెక్కింది. అక్కడ మేడమెట్లు తుడిచే పని ఉందట. పిల్లని బడికి పంపి మరీ వెళ్లింది.

తమ్ముడు
మెదెర్‌బెక్